కిటికీ కింద కదిలిన బండ

ఎమ్మిగనూరులో మా ఇంట్లో మగ్గానికీ కిటికీకీ మధ్య పరిచిన బండల్లో ఒకటి కదిలేది. దాని నడుమ నిలబడితే కదలదు. మీదుగా నడిచిపోయేవాళ్లకు తెలియదు. మా వదిన దాని అంచున కూర్చుని, ఎదురుగా రాట్నం పెట్టుకుని కండెలు చుట్టడం మొదలుపెడితే మాత్రం, చక్రం ఊపుకు ఒక మూల లేచి మళ్లీ కూర్చునేది. ఎంతని లేచేది? అణా బిళ్ల మందం కూడా ఉండదు. ఆ కాస్తకే రాట్నం ఊగి నూలు తెగేది. తెగిన పోగును ముడివేసుకుని ఆమె మళ్లీ చక్రం తిప్పేది. మళ్లీ తెగేది.

ఆ బండ కొత్తది. పరిచి నెల కూడా కాలేదు. అది కదలడానికి కారణం నాకు తెలుసు, నేను చెప్పలేదు. ఇంతకాలం తర్వాత ఇది రాస్తున్నది అందుకే.

అప్పట్లో నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి, ఆదివారం బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. మగ్గం నేసేది మా అన్న. ఐదో తరగతితో నా బడి ముగిసింది. మిగతా చదువంతా ఆదోని గ్రంథాలయంలోనే. అక్కడ ఒక బీరువాను పై అర నుంచి కింది అర దాకా, ఎడమ నుంచి కుడికి, ఒక్క పుస్తకం, ఒక్క పుట వదలకుండా చదివాను. ఆ సంగతి ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. ఆవు రోగాల మీద పుస్తకం చదివాను, గ్రహణాల మీద చదివాను. ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం రాసిన ఒక పాత పుస్తకం కూడా చదివాను. దానికి అట్ట లేదు, మొదటి పుటలు లేవు.

మా వీధిలో అందరివీ మట్టి నేలలే. ఎంత అలికినా దుమ్ము లేచి నేసిన బట్ట మీద పడేది. బండలు పరిపిద్దామని నేనే అన్నను ఒప్పించాను. బేతంచెర్ల బండలు రైల్లో ఆదోనికి వస్తే, అక్కడి నుంచి ఎద్దుల బండి మీద ఇంటికి చేర్చాం. మేస్త్రీని కూడా నేనే ఆదోనిలో మాట్లాడి తెచ్చాను. యాభై దాటిన మనిషి, మాటకంటే పని ఎక్కువ. కర్నూలు రాజధాని అయిన కొత్త అది. కట్టడాల కోసం మేస్త్రీలను గుంపులు గుంపులుగా అక్కడికి తీసుకుపోతున్నారు. ఈయన మాత్రం పోలేదు. ఎందుకని అడిగితే బండ మీద చేయి ఆనించి చెప్పాడు.

"ఇంట్లో ఆమెకు సూపు మందగించినాదప్పా. నేను కర్నూలు పోతే ఆమెకు చెయ్యి పట్టుకోని నడిపిచ్చేదెవురు? మీ ఈదిలో ఈ ఇల్లు బాగా కుదిరితే ఇంకా మూడు, నాలుగిండ్లు దొరుకుతాయి. వానలు పొయ్యేదాకా ఈడనే పని. రెండు దినాలకొకసారి ఇంటికి పొయ్యొస్తాండొచ్చు."

నిజమే. వీధి వీధంతా మా నేల వైపే చూస్తోంది. పక్కింటి మామ అయితే రోజుకు రెండుసార్లు వచ్చి తొంగి చూసి పోయేవాడు. నిజానికి ఆయన మాకు మామ కాడు, వీధి వరస. మా నేల బాగుంటే తర్వాతది ఆయన ఇల్లే.

మూడో రోజు మేస్త్రీ మగ్గం దగ్గరికి వచ్చాడు. మాది గుంత మగ్గం. నేసేవాడు గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి జార్చుకుంటాడు. పోగు వేసినప్పుడల్లా మగ్గం పలకను తన వైపు లాగి కొట్టి నేతను బిగిస్తాడు. మగ్గాన్ని పట్టి నిలబెట్టే గుంజలు గుంతకు అటూ ఇటూ నేలలో పాతి ఉంటాయి. మేస్త్రీ ఆ గుంజల చుట్టూ, గుంత అంచు వెంబడీ రెండు వేళ్ల సందు వదిలి బండ పెట్టాడు. ఆ వేళ అన్న నూలు తేవడానికి పోయాడు. పనికి పెత్తనం నాది. సెలవు పెట్టి మరీ వచ్చి నిలబడ్డాను.

"ఇదేంది మేస్త్రీ, ఇంత సందు?"

"మగ్గం కదప్పా. ఈ సందులో పొడి ఇసక పోసి ఇడిసిపెడ్తా. మీయన్న పలక లాగి కొట్టినప్పుడల్లా గుంజ అదుర్తాది. ఆ అదురు ఇసకలోనే పడి సావాల. బండకు పోగూడదు."

"పుస్తకంలో అట్లా లేదు. నూలుపోగు పట్టేంత సందు కూడా ఉండకూడదని రాసి ఉంది. సందు వదిలితే తేమ, చీమలు, దుమ్ము అన్నీ చేరతాయి."

ఆయన ఉలి కింద పెట్టి నా వైపు చూశాడు. "ఆ పుస్తకం రాసిన సామి ఇంట్లో మగ్గముండాదా?"

వంటింటి గడప దగ్గర కూర్చున్న వదిన ఫక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో ఒక మాట అన్నాను. "అక్షరం ముక్క రానోళ్లకు పుస్తకమంటే ఎగతాళే."

వదిన నవ్వు ఆగిపోయింది. మేస్త్రీ పెట్టిన బండను మళ్లీ ఎత్తి పక్కన ఆనించాడు.

"సరేప్పా. ఇల్లు నీది. నువ్వు సెప్పినట్లే కానీ."

గుంజ మందానికి బండను గుండ్రంగా చెక్కి, కత్తి మొన కూడా దూరనంత బిర్రుగా కూర్చాడు. చేయకూడదని తెలిసిన పనిని కూడా అంత శ్రద్ధగా చేశాడు. కింద సున్నం ఎంత పోయాలో అంతా పోశాడు. పక్కన నిలబడి నేనే చూశాను. సాయంత్రం అన్న వచ్చి, గుంజ చుట్టూ వేలు తిప్పి, "ఏం కూర్పు కూర్చినాడురా!" అన్నాడు. అది నా మాట మీద చేసిందని చెప్పుకోవాలనిపించింది. మేస్త్రీ అక్కడే చేతులు కడుక్కుంటున్నాడు కాబట్టి ఊరుకున్నాను.

సున్నం ఆరాక అన్న మళ్లీ మగ్గం ఎక్కాడు. రెండు వారాలు అంతా బాగుంది. మూడో ఆదివారం నేను వచ్చేసరికి వదిన కండె పక్కన పెట్టి, బండ అంచును అరచేత్తో నొక్కి చూస్తోంది. పక్కింటి మామ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"ఏమప్పా గుమాస్తా, మీ మగ్గం పాట పాడ్తే బండ తాళమేస్తాండాదే! కచేరి పెట్టినారా ఏంది?"

అన్నకు నవ్వు రాలేదు. "ఆయప్ప కింద సున్నం తక్కవ పోసినాడు. కనపడని సోట మోసం సేసినాడు."

"నా కండ్లు తెరిపిచ్చినారు పో" అన్నాడు మామ. "ఆయప్పనే పిలుద్దామని ఉంటి. ఇంగ ఆస్పరి ఊర్లో ఉండే ఇంకో మేస్త్రీకి సెప్పుకుంటా."

ఆ మాటకు నేను నోరు తెరవవలసింది. నూలుపోగు పట్టనంత బిర్రుగా గుంజకు ఆనించిన బండ, పలక దెబ్బ పడినప్పుడల్లా ఆ అదురును పక్క బండకు అందిస్తోందనీ, చివరికి కిటికీ గోడ దగ్గర ఇక పోయే దారి లేక అక్కడి బండ సున్నం నుంచి విడిపోయిందనీ నాకు ఆ క్షణమే అర్థమైంది. వదిన నా వైపే చూస్తోంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

అన్న అడిగాడు. "ఆయప్ప ఆదోనిలోనే ఉంటాడు గదా. పిల్సకరా. బండ లేపి సూస్తాం."

"ఇంత చిన్నదానికి ఎందుకన్నా? ఒకటి లేపబోతే పక్కవి పగుల్తాయి. ఉండనీ."

బండలు పగులుతాయని నాకేమీ భయం లేదు. బండ లేస్తే దాని కింద నిండుగా పోసిన సున్నం కనపడుతుంది. మేస్త్రీ వస్తే నోరు విప్పుతాడు. నా భయం అదీ. బాగుచేయాలా వద్దా అని అన్న అడిగినప్పుడల్లా, వద్దనడానికి కొత్త కారణం వెతుక్కున్నాను. కొత్త నేల కదా, ఒక వాన పడితే సర్దుకుంటుందన్నాను. కిరోసిన్ డబ్బా రేకు ముక్క ఒకటి మడిచి బండ మూల కింద దోపాను. ఐదు రోజులు ఆగింది. ఆరో రోజు మళ్లీ కదిలిందని తర్వాత విన్నాను.

మరుసటి ఆదివారానికి వదిన రాట్నం వంటింటి గడప దగ్గరికి మారింది. అక్కడ వెలుతురు లేదు, పొయ్యి పొగ నేరుగా ముఖానికి కొడుతుంది. కళ్లు నలుపుకుంటూ కండె చుడుతోంది.

"అక్కడెందుకు వదినా?"

"ఈడ బాగుండాదిలే మరిదీ."

కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చక్రం తిప్పింది.

ఆదోనిలో మేస్త్రీలు, కూలీలు పొద్దున్నే స్టేషన్ దారిలో ఒక మలుపు దగ్గర పనికోసం నిలబడేవారు. మిల్లుకు నా దారి అదే. నేను దారి మార్చాను. పత్తి బండ్లు నిలిచే మైదానం చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాను. ఒకరోజు దూరం నుంచి చూశాను. తాపీ సంచి పక్కన పెట్టుకుని ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మిగతా అందరికీ పని దొరికినట్టుంది, ఆయన చుట్టూ ఎవరూ లేరు.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయి ఆ అట్ట లేని పుస్తకం మళ్లీ తీశాను. మేస్త్రీ తప్పని చెప్పే వాక్యం ఇంకొకటి దొరుకుతుందేమోనని వెతికాను. ఆ మాట దాచను. నేను చదివిన అధ్యాయం అలాగే ఉంది, సందు వద్దన్న వాక్యమూ అలాగే ఉంది. పుట తిప్పితే మరో అధ్యాయం. యంత్రాలు నడిచే గదుల్లో నేల ఎలా వేయాలన్నది అది. యంత్రం ఆనిన చోట చుట్టూ సందు వదిలి, ఇసుకతో వదులుగా నింపాలని అందులో ఉంది. రెండు వేళ్లు అని కూడా ఉంది.

మొదటిసారి ఆ అధ్యాయాన్ని నేను చదవలేదు. ఏ పుస్తకంలోనూ ఒక్క పుట వదలనని చెప్పుకునే నేను ఆ నాలుగు పుటలూ దాటేశాను. ఎందుకంటే యంత్రం అని ఉంది. యంత్రమంటే నాకు ఆదోని మిల్లులో ఉన్నదే. పొగ గొట్టం ఉండాలి, బెల్టు తిరగాలి. పుట్టిన నాటి నుంచి మా ఇంట్లో దబదబలాడుతున్నది యంత్రమని నాకు తట్టనే లేదు. అది మగ్గం. మా అమ్మ నన్ను దాని పక్కనే ఉయ్యాలలో వేసేది. ఇంట్లో మనిషిని లెక్కపెట్టినట్టే దాన్నీ లెక్కపెట్టేవాళ్లం. పుస్తకంలో తప్పు లేదు. ఒక్క అక్షరం చదవని మేస్త్రీకి ఆ నాలుగు పుటలూ వచ్చు. చదవడం వచ్చిన నేను వాటిని తిప్పేశాను.

బుధవారం పొద్దున పాత దారిలోనే పోయాను. ఆయన నన్ను చూసి లేచాడు. ఆ లేవడం చూసి సిగ్గేసింది.

"అన్నా, ఒక మాట" అన్నాను. అంతవరకూ ఆయన నాకు మేస్త్రీయే. "మా ఇంట్లో బండ కదులుతోంది. తప్పు నాది. నువ్వు చెప్పినట్టే అయింది."

"తెలుసప్పా. మీ ఈది మనిషొకాయన బస్సులో కనపడి సెప్పినాడు. యాడ కదుల్తాండాదని అడిగితే కిటికీ కింద అన్యాడు. ఇంగ నాకు యిడమరిచి సెప్పల్నా?"

"మరి నువ్వు వచ్చి చెప్పలేదేం?"

"ఏమని సెప్పేది? పిల్లోడు సెప్పినాడు, ముసిలోణ్ణి నేను యిన్యానని సెప్పుకునేదా? తాపీ నా చేతిలో ఉండె గదా, నీ చేతిలో కాదు."

"నేను తప్పు చేశానన్నా."

"నాకు తెలిసిన మాటే నాకు సెప్తాండావు." కోపంగా అనలేదు. తెలివి తక్కువ పని చేస్తున్న వాణ్ణి చూసి అన్నట్టు అన్నాడు. "తెలీనోళ్లకు సెప్పప్పా. మీ ఈదిలో సెప్పు. సోమారం పొద్దున కర్నూలు లారీకి పేరిచ్చినా. ఆలోపల సెప్తే, పోకుండా ఉంటా."

బుధవారం నుంచి సోమవారానికి ఐదు రోజులు. ఆ సాయంత్రమే బస్సెక్కవచ్చు. మిల్లులో సెలవు అడిగితే ఇచ్చేవారే. మేస్త్రీతో వాదించడానికి సెలవు పెట్టినవాణ్ణి, ఆయన తరఫున మాట్లాడడానికి పెట్టలేదు. గురువారం పోదామనుకున్నాను, శుక్రవారం పోదామనుకున్నాను. ఎప్పటిలా ఆదివారమే పోయాను.

బస్సు దిగి వీధిలోకి వస్తే పక్కింటి నుంచి ఉలి చప్పుడు. ఆస్పరి మేస్త్రీ అప్పటికే మామ ఇంట్లో సగం నేల పరిచేశాడు. మామ నన్ను చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

"సూడు గుమాస్తా, సూడు. మీ ఇంటికి పిల్సకపోయి గుంజ కాడ కూర్పు సూపించినా. అట్లనే బిర్రుగా ఏయల్లని సెప్పినా. ఆయప్ప చెయ్యి మోసమైనా కూర్పు మాత్రం బలే ఉండె."

ఆస్పరి మేస్త్రీ మగ్గం గుంజ చుట్టూ బండను చెక్కుతున్నాడు. సరిగ్గా మా ఇంట్లోలాగే.

"ఆపు మామా" అన్నాను. "ఆ కూర్పే బండను కదిలించింది. అట్లా వేయమన్నది మేస్త్రీ కాదు, నేను. ఆయన రెండు వేళ్ల సందు వదిలితే తీయించేశాను. సున్నం నిండుగానే పోశాడు. మోసమేమీ లేదు."

మామ మొదట నవ్వాడు, వేళాకోళం అనుకుని. నా ముఖం చూసి నవ్వు ఆపాడు. గోడకవతల మా ఇంట్లో మగ్గం చప్పుడు నిలిచిపోయింది. మా గొంతులు అక్కడికి వినపడతాయి. అన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇన్ని దినాలా?" అన్నాడు. "నాతో ఆయప్పను తిట్టిచ్చినావు కదరా."

గడ్డపార తెచ్చి నా చేతికిచ్చాడు. మా ఇంట్లో కిటికీ కింది బండను ఇద్దరం లేపాం. పక్క బండల్లో ఒక్కటీ పగల్లేదు. కింద సున్నం అంచు నుంచి అంచు దాకా నిండుగా, బండ అడుగు గరుకు అచ్చు పడి, గట్టిగా ఉంది. అన్న దాని మీద చేయి పెట్టి చాలాసేపు తీయలేదు. వదిన వచ్చి నిలబడింది.

"నాకు తెలుసు మరిదీ. ఆ పొద్దు గడప కాడ నేనుండా గదా."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు సెప్తావని సూసినా. దినాము సూసినా."

గుంజల చుట్టూ రెండు వేళ్ల మేర బండను నేనే చెక్కాను. చేతకాక వేళ్లు చితకగొట్టుకున్నాను, ఎవరూ సాయం రాలేదు. అన్న ఇసుక పోశాడు. కిటికీ బండ కింద కొత్త సున్నం వేసి కూర్చోబెట్టాం. మామ గోడ మీది నుంచి కేకేశాడు. "పొయ్యి పిల్సకరా ఆయప్పను! మిగతాది ఆయప్పే సేస్తాడు. వెనకింటోళ్లు గూడా అడుగుతాండారు."

ఆ పూటకు ఇక బస్సు లేదు. సోమవారం మొదటి బస్సుకు ఆదోని పోయాను. మలుపు దగ్గర అడిగితే లారీ తెల్లవారకముందే పోయిందన్నారు. ఇల్లు కనుక్కుని పోయాను. ఆయన భార్య గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను నిలబడిన చోటికి కాస్త పక్కగా చూస్తోంది.

"ఎవురప్పా?"

"ఎమ్మిగనూరు నుంచి వచ్చానమ్మా. మీ ఆయనతో పని చేయించుకున్నవాళ్లం."

"పని బాగ కుదిరినాదా?"

"బాగా కుదిరిందమ్మా."

"ఆయప్ప పని బాగనే ఉంటాదిలే" అంది. సంతోషంగానే అంది. "ఎమ్మిగనూర్లో నాలుగిండ్లు దొరుకుతాయంటాండె. ఎందుకో మల్ల దొరకలేదంట. కూర్సో అప్పా, మంచినీళ్లిస్తా." గోడ తడుముకుంటూ లోపలికి పోయింది. నేను ఆ నీళ్లు తాగాను. ఎందుకు దొరకలేదో అక్కడ కూడా చెప్పలేదు.

కర్నూలుకు ఆయన పేర ఒక ఉత్తరం రాశాను, మలుపు దగ్గర అడిగితే తెలిసిన కట్టడం పేరు ఒక్కటే చిరునామా. జవాబు రాలేదు. చదివిపెట్టేవాళ్లు ఎవరైనా దొరికారో లేదో కూడా తెలియదు. ఆదోనిలో ఆయన్ని నేను మళ్లీ చూడలేదు. కొన్నాళ్లకు ఆ ఇంటికి పోతే వేరేవాళ్లున్నారు. ఆమెను కూడా వచ్చి తీసుకుపోయాడని చెప్పారు.

మామ ఇంటి నేలను ఆస్పరి మేస్త్రీయే ముగించాడు, గుంజల చుట్టూ సందు వదిలి. తర్వాత వెనకింటివాళ్లు, ఆ తర్వాత పై వీధివాళ్లు వేయించుకున్నారు. అందరి ఇళ్లలోనూ రెండు వేళ్ల సందు, సందులో పొడి ఇసుక. నేను మామ ఇంట్లో చెప్పిందంతా వీధి విన్నది. కానీ నోళ్లు మారేకొద్దీ అందులోంచి మేస్త్రీ జారిపోయాడు. పుస్తకాలు చదివే గుమాస్తా ఏదో చూసి చెప్పాడన్నది మిగిలింది. దాన్ని గుమాస్తా సందు అనడం మొదలుపెట్టారు.

"గుమాస్తా సందు ఎంత ఇడవాలప్పా?" అని నన్నే అడగడానికి వచ్చేవారు. అది నాది కాదు, ఆదోని మేస్త్రీది, నేను దాన్ని చెడగొట్టినవాణ్ణి అని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఇప్పటికీ చెబుతాను. వాళ్లు తలూపుతారు. చదువుకున్నవాళ్లు తమ గొప్ప తాము చెప్పుకోరులే అని, నవ్వుతూ లేచి వెళ్తారు.